మీ ఊరి మున్సిపాలిటీ చరిత్ర, జనాభా మీరే రాయాలంటే ఎలా? బెజవాడ లెక్కలతో చూపిస్తా

గూగుల్‌లో విజయవాడ జనాభా ఎంత అని కొట్టి చూడండి. ఒక చోట 10,34,358 అని ఉంటది, ఇంకో చోట 10,48,240 అని, మరో చోట 14,76,931 అని. మూడింటి పక్కనా 2011 సెన్సస్ అనే రాసి ఉంటది. అప్పుడు స్కూల్ ప్రాజెక్టు చేసే పిల్లలకైనా, తెలుగు వికీపీడియాలో ఊరి పేజీ రాసేవాళ్ళకైనా, యూట్యూబ్‌లో మా ఊరి చరిత్ర అని వీడియో పెట్టేవాళ్ళకైనా ఏది రాయాలో తెలీక, చూడ్డానికి పెద్దగా ఉంది కదా అని మూడోది రాసేస్తారు. నిజానికి మూడూ సెన్సస్ వాళ్ళు ఇచ్చినవే. 10,48,240 అనేది 2011లో ముందుగా వదిలిన తాత్కాలిక లెక్క, 10,34,358 తర్వాత సరిచూసి ఇచ్చిన ఫైనల్ లెక్క, ఈ రెండూ కార్పొరేషన్ హద్దుల్లోపల జనం. 14,76,931 మాత్రం కార్పొరేషన్‌తో పాటు దానికి ఆనుకుని పెరిగిపోయిన ఊళ్ళన్నిటినీ కలిపిన లెక్క, దాన్ని అర్బన్ అగ్లోమరేషన్ అంటారు.

అందుకే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఒకటే. ముందు గీత ఎక్కడుందో చూడండి, ఆ తర్వాతే సంఖ్య రాయండి. మున్సిపాలిటీ అంటే కాగితం మీద గీసిన ఒక హద్దు, ఆ హద్దు ఎన్నిసార్లు జరిగింది, ఎందుకు జరిగింది అన్నదే సగం చరిత్ర. ఇది పట్టుకుంటే మిగతా పనంతా సులువు. బెజవాడనే ఉదాహరణగా పెట్టుకుని చెప్తా, మీది గుంటూరైనా వరంగల్ అయినా ఇదే పద్ధతి.

మొదట హద్దుల లిస్టు తయారు చేసుకోండి. ఒక తెల్లకాగితం మీద మూడే గళ్ళు: సంవత్సరం, అప్పటి హోదా, విస్తీర్ణం. బెజవాడకి ఇలా వస్తది. 1888 ఏప్రిల్ 1న మున్సిపాలిటీ ఏర్పడింది, అప్పుడు సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 1960లో సెలక్షన్ గ్రేడ్, అంటే పై తరగతి మున్సిపాలిటీ. 1981లో కార్పొరేషన్. 1985లో గుణదల, పటమట, భవానీపురం, పాయకాపురం, కుందావారి కండ్రిక కలిపేశారు, దాంతో 61.88 చదరపు కిలోమీటర్లు అయ్యింది. అంతే, నాలుగు లైన్లు. ఇవి సాధారణంగా మున్సిపాలిటీ సొంత వెబ్‌సైట్‌లో ఊరి పరిచయం పేజీలోనే దొరుకుతాయి. అక్కడ లేకపోతే విలీనం చేసిన జీవో కోసం టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో అడగండి, ఇవ్వకపోతే పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తులో "మా ఊరి చరిత్ర ఇవ్వండి" అని రాస్తే మాత్రం ఏమీ రాదు, "ఫలానా గ్రామాలను విలీనం చేసిన ఉత్తర్వు కాపీ, విలీనానికి ముందు తర్వాత విస్తీర్ణం" అని పేరు పెట్టి అడగాలి.

ఇప్పుడు జనాభా. సెన్సస్ ఆఫ్ ఇండియా సైట్‌లో జిల్లా జనగణన దర్శిని అని ప్రతి జిల్లాకీ పెద్ద పీడీఎఫ్ ఉంటది, ఉచితమే, అందరూ డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్ అంటారు. అందులో ఏ పార్టు, బీ పార్టు అని రెండు. మీకు మొదట కావాల్సింది ఏ పార్టులో టౌన్ డైరెక్టరీ. ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది: ఎన్టీఆర్ జిల్లా అని వెతుకుతారు, దొరకదు. ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో, 2011లో విజయవాడ కృష్ణా జిల్లాలోనే ఉంది కాబట్టి కృష్ణా పుస్తకమే తీయాలి. తెలంగాణ వాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం, 2016లో జిల్లాలు విడగొట్టారు కదా, సిద్దిపేట కావాలంటే పాత మెదక్‌లో చూడాలి, మంచిర్యాల కావాలంటే ఆదిలాబాద్‌లో.

టౌన్ డైరెక్టరీ తెరవగానే మొదటి స్టేట్‌మెంటే ఊరి ఎదుగుదల. ఒక్కో ఊరికీ ఒక్కో వరుస. ఎడమ పక్క పేరు, పేరు తర్వాత చిన్న కోడ్, తర్వాత విస్తీర్ణం, ఇళ్ళ సంఖ్య, ఆ తర్వాత 1901 నించి పదేళ్ళకొకసారి జనాభా, దాని కింద ఎంత శాతం పెరిగిందో, చివర్లో సాంద్రత. ఆ చిన్న కోడ్‌ని మాత్రం వదిలెయ్యకండి. ఎం కార్ప్ అంటే కార్పొరేషన్, ఎం అంటే మున్సిపాలిటీ, సీటీ అంటే సెన్సస్ టౌన్, ఓజీ అంటే ఊరిని ఆనుకుని బయటికి పెరిగిన భాగం, యూఏ అంటే అన్నీ కలిపిన అగ్లోమరేషన్. సెన్సస్ టౌన్ అంటే అక్కడ పంచాయతీయే ఉంటది గానీ మనుషుల బతుకు పట్నం బతుకు అన్నమాట: జనాభా 5,000 దాటాలి, చదరపు కిలోమీటరుకి 400 మంది ఉండాలి, మగవాళ్ళలో ముఖ్య పనివాళ్ళు (ఏడాదిలో ఆర్నెల్లైనా పని చేసేవాళ్ళు) నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. కానూరు, యనమలకుదురు అలా పంచాయతీలుగా ఉంటూనే లెక్కల్లో పట్నంగా ఉన్న ఊళ్ళు, తర్వాత పోరంకి, తాడిగడపలతో కలిసి తాడిగడప మున్సిపాలిటీ అయ్యాయి. బెంజ్ సర్కిల్ నించి బందరు రోడ్డు మీద బస్సులో పోతుంటే కార్పొరేషన్ ఎక్కడ అయిపోయిందో, కానూరు ఎక్కడ మొదలైందో కంటికి తెలీదు, షాపులన్నీ వరసగానే ఉంటాయి. కానీ సెన్సస్ పుస్తకంలో మాత్రం అక్కడ గీత ఉంది, అందుకే 10 లక్షలకీ 14 లక్షలకీ అంత తేడా.

ఇక పాత లెక్కల సంగతి. ఇంటర్నెట్‌లో విజయవాడ జనాభా చరిత్ర అని తిరిగే పట్టిక ఒకటి ఉంది, 1901లో 24,224, 1951లో 1,61,198, 1961లో 2,30,397, 1971లో 3,17,258 అంటూ వచ్చి ఒక్కసారిగా 1981లో 5,43,008, 1991లో 8,45,756, 2001లో 10,39,518 అని ఉంటది. చూడ్డానికి ఒకే వరుస. అయితే 1971 దాకా ఉన్నవి ఊరి లెక్కలు, 1981 నించి ఉన్నవి అగ్లోమరేషన్ లెక్కలు. 2001లో కార్పొరేషన్ జనాభా 8,51,282 మాత్రమే. మధ్యలో గీత మారిపోయింది, పట్టికలో ఎక్కడా చెప్పలేదు. మీరు ఆ పట్టికని ఉన్నదున్నట్టు ఎత్తి పెడితే, 71 నించి 81కి ఊరు ఒక్క దెబ్బకి 70 శాతం పెరిగిందని చదివేవాళ్ళు అనుకుంటారు. అందుకని ఎప్పుడూ రెండు వరుసలు రాయండి, ఒకటి మున్సిపల్ లిమిట్స్ లోపల, ఇంకోటి చుట్టుపక్కలతో కలిపి. సెన్సస్ సైట్‌లోనే ఏ-4 అనే పట్టిక ఉంది, అందులో ప్రతి పట్టణానికీ అగ్లోమరేషన్‌కీ 1901 నించి లెక్క ఉంటది, అదొకటి దింపుకుంటే ఈ తలనొప్పి చాలావరకు పోతుంది. అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఫుట్‌నోట్లు చదవండి, ఏ ఊరు ఎందులో కలిసిందో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఇలా రెండు వరుసలు పక్కపక్కన పెట్టుకుంటే కథ తనంతట తనే కనపడుతుంది. 2001 నించి 2011కి కార్పొరేషన్ లోపల పెరిగింది 1.83 లక్షలు, అంటే 21 శాతం పైన. అదే టైములో కార్పొరేషన్ బయట, అగ్లోమరేషన్ లోపల ఉన్నవాళ్ళు 1.88 లక్షల నించి 4.43 లక్షలకి వెళ్ళారు. లోపల జాగా అయిపోయి జనం బయటికి పోవడం కొంత, కొత్త ఊళ్ళని అగ్లోమరేషన్‌లో కలుపుకోవడం కొంత, రెండూ ఉన్నాయి ఇందులో. కాబట్టి "ఊరు రెట్టింపు వేగంతో పెరిగింది" అని ఒక్క ముక్కలో రాసెయ్యొద్దు. అట్లాగే 1981 నించి 1991 మధ్య కార్పొరేషన్ సుమారు నాలుగున్నర లక్షల నించి ఏడు లక్షలకి వెళ్ళింది. చూడగానే ఎంత వలస అనిపిస్తుంది కదా, మీ హద్దుల కాగితం తీయండి, మధ్యలో 1985 ఉంది. పటమట, గుణదల వాళ్ళు ఎక్కడికీ కదలకుండానే, వాళ్ళ ఇళ్ళు వాళ్ళ ఊళ్ళోనే ఉండగానే కార్పొరేషన్ జనాభాలోకి వచ్చేశారు.

సాంద్రత దగ్గరికి వద్దాం, బెజవాడ విషయంలో అందరూ ఎక్కువ షేర్ చేసేది ఇదే. ప్రపంచంలోనే మూడో అత్యంత ఇరుకైన పట్నం, చదరపు కిలోమీటరుకి 31,200 మంది అని ఒక మాట చాలా చోట్ల ఉంది. దీన్ని ఇంట్లో కూర్చుని ఎలా చెక్ చెయ్యాలో చెప్తా, కాలిక్యులేటర్ చాలు. కార్పొరేషన్ జనాభా 10,34,358ని 61.88తో భాగించండి, సుమారు 16,700 వస్తది. 31,200 రాలేదు. అయితే ఆ మాట అబద్ధమా అంటే, మొదట చెప్పినవాళ్ళు "బిల్టప్ ఏరియా"లో అన్నారు, అంటే ఇళ్ళు కట్టిన నేల వరకే. ఆ మాట షేరుల్లో రాలిపోయింది. తిరగేసి 10,34,358ని 31,200తో భాగిస్తే 33 చదరపు కిలోమీటర్లు వస్తది, 14,76,931ని భాగిస్తే 47 వస్తది. అంటే ఏ గీత తీసుకున్నా, మొత్తం విస్తీర్ణంలో కొంత భాగాన్నే లెక్కలోకి తీసుకున్నారని అర్థమైపోతుంది.

బెజవాడలో ఇది అన్యాయమైన లెక్క కూడా కాదు. ఆ 61.88లో ఇంద్రకీలాద్రి ఉంది, గుణదల కొండ, మొగల్రాజపురం కొండ ఉన్నాయి, బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ మూడూ ఊరి మధ్యలోంచే పోతాయి, అంత పెద్ద రైల్వే జంక్షన్ దాని యార్డులు ఉన్నాయి. అవన్నీ తీసేస్తే మనుషులకి మిగిలిన నేల ఎంత? వన్ టౌన్‌లో ఒక సందులో నిలబడి చూస్తే తెలుస్తుంది, కింద హోల్‌సేల్ షాపు, పైన గోడౌన్, ఆ పైన కుటుంబం, సందు చివర కొండ మొదలు, కొండ మీదికి మెట్లు, ఆ మెట్లకి రెండు పక్కలా మళ్ళీ ఇళ్ళు, గ్యాస్ బండ కూడా భుజాన మోసుకెళ్ళాల్సిందే. వానాకాలంలో కొండరాళ్ళు జారతాయని ఆ పైనున్న వాళ్ళకి ప్రతి ఏడూ భయమే. సగటు 16,700 అన్న మాటలో ఇదేదీ కనపడదు. అందుకే డివిజన్ల వారీ, అంటే వార్డుల వారీ లెక్క తీయమంటాను, హ్యాండ్‌బుక్ బీ పార్టులో వార్డు వారీగా ఇళ్ళు, జనాభా, ఆరేళ్ళ లోపు పిల్లలు, చదువుకున్నవాళ్ళు, పనిచేసేవాళ్ళు అన్నీ ఉంటాయి. ఒక జాగ్రత్త: అవి 2011 నాటి వార్డులు. 2014 కార్పొరేషన్ ఎన్నికలు 59 డివిజన్లకి జరిగితే 2021లో 64 డివిజన్లకి జరిగాయి, కాబట్టి ఇప్పటి మీ డివిజన్ నంబరు పట్టుకుని పాత లెక్కలో చూస్తే వేరే పేట లెక్క వస్తది. నంబరు వదిలేసి పేట పేరుతో, మ్యాపుతో సరిచూసుకోండి.

ఇంక చరిత్ర. సంఖ్యలు పెట్టుకున్నాక చరిత్ర రాయడం తేలిక, ఎందుకంటే సంఖ్య ఎక్కడ ఎగిరిందో అక్కడే ఏం జరిగిందా అని వెతుకుతారు. బెజవాడ 1881లో 9,336 మంది ఉన్న ఊరు. 1891కి 20,741. పదేళ్ళలో రెట్టింపు దాటింది. అప్పుడేం జరిగింది? ఆనకట్ట అప్పటికే ఉంది, సర్ ఆర్థర్ కాటన్ పూనికతో కెప్టెన్ ఓర్ చేతుల మీదుగా 1850ల్లోనే కృష్ణకి అడ్డంగా కట్టారు, కాలవలు తవ్వారు, డెల్టాలో వరి పండుతోంది, పడవల మీద సరుకు తిరుగుతోంది. అయినా ఊరు చిన్నదే. ఎగిరింది రైలు వచ్చాక. 1889లో హైదరాబాద్ వైపు నించి నిజాం రైలు వచ్చింది, ఇంచుమించు అప్పుడే పడమటి నించి గుంతకల్లు లైను, 1893లో కృష్ణ మీద రైలు వంతెన అయ్యింది, 1899లో మద్రాసు దారి కలిసింది. కాలవల్లో వచ్చిన బియ్యం ఇక్కడ రైలెక్కింది. మున్సిపాలిటీ 1888లో వచ్చిందంటే అది ఊరికే రాలేదు, జనం చేరుతున్నారు, నీళ్ళు, పారిశుద్ధ్యం, రోడ్లు చూసే దిక్కు కావాలి. నాకు నచ్చేది ఇట్లాంటి చోటే, పట్టికలో ఒక అంకె, రైల్వే రికార్డులో ఒక తేదీ, మున్సిపాలిటీ ఉత్తర్వు మూడూ ఒకే పదేళ్ళలో వచ్చి కలుస్తాయి.

రెండో పెద్ద దూకుడు 1941 నించి 1951కి, 86,184 నించి 1,61,198, అంటే 87 శాతం. లక్ష దాటింది ఈ పదేళ్ళలోనే. ఇలాంటి చోట తొందరపడి ఒక్క కారణం రాయకండి. ముందు హద్దు మారిందా చూడండి, తర్వాత యుద్ధకాలం, బియ్యం వ్యాపారం, చుట్టుపక్కల పల్లెల నించి రాకడ, ఇవన్నీ ఆ ఏడాది సెన్సస్ రిపోర్టులో పుట్టిన ఊరు వేరే ఉన్నవాళ్ళ లెక్కతో కలిపి చూసి రాయండి. ఆ తర్వాత కథ మనకి తెలిసిందే, 1952లో పాత ఆనకట్టకి గండి పడింది, 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది, దాని మీద రోడ్డు కూడా వచ్చింది.

పాత కాగితాలు వెతికేటప్పుడు ఒక చిన్న పని చెయ్యండి. ఇంగ్లీషు రికార్డుల్లో విజయవాడ అని కొడితే ఏమీ రాదు, బెజ్వాడా అని బి, ఇ, జడ్, డబ్ల్యూ, ఎ, డి, ఎ స్పెల్లింగుతో కొట్టాలి, జిల్లా పేరు కృష్ణా అని కాకుండా కిస్ట్నా అని ఉంటది. 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ స్కాన్ కాపీ నెట్‌లో ఉంది, రైలు రాకముందు ఊరు ఎలా ఉందో అందులో చూడొచ్చు. గుంటూరు వాళ్ళు కూడా ఇందులోనే వెతుక్కోవాలి, ఎందుకంటే గుంటూరు జిల్లా విడిపోయింది 1904లో.

ఇంకా వెనక్కి పోవాలనుకునేవాళ్ళు శాసనాల దగ్గర ఆగండి, స్థలపురాణాన్నీ శాసనాన్నీ ఒకే పేరాలో కలిపెయ్యకండి. అర్జునుడు ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేశాడన్నది మన నమ్మకం, దానికి గౌరవంగా ఒక పేరా ఇవ్వండి. తూర్పు చాళుక్య రాజు యుద్ధమల్లుడి బెజవాడ శాసనం రాతి మీద ఉంది, మధ్యాక్కర అనే ఛందస్సులో పద్యాలు, కుమారస్వామికి గుడీ మఠమూ కట్టించిన సంగతి, వెయ్యేళ్ళ పైమాటే. దానికి వేరే పేరా. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో గాంధీ గారు వచ్చి కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగిందన్నది పత్రికలు, రికార్డులు ఉన్న సంగతి. మూడూ ఊరివే, ఆధారాలు వేరు వేరు, చదివేవాళ్ళకి ఏది ఏమిటో తెలియాలి.

పెద్దవాళ్ళని తప్పకుండా అడగండి, కాకపోతే అడిగే పద్ధతి ఉంది. "మీరు కృష్ణలంకకి ఏ సంవత్సరంలో వచ్చారు మామ్మగారూ" అంటే గుర్తు లేదు నాయనా అంటారు. అదే "పుష్కరాలకి ముందా తర్వాతా, ఏ పుష్కరాలు" అని అడిగితే టక్కున చెప్తారు. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016, పన్నెండేళ్ళకొకసారి, ఆ మధ్యలో గుర్తులు దివిసీమ ఉప్పెన 1977, కృష్ణ పెద్ద వరద 2009, బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది 2024. "ఉప్పెన తర్వాత వచ్చాం, అప్పటికి పెద్దాడికి నడక రాలేదు" అంటే మీకు 1978 అటూఇటూ అని దొరికిపోయింది. వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఏ ఊరి నించి వచ్చారు, ఎందుకు వచ్చారు, మొదట అద్దె ఎంత, నీళ్ళు ఎక్కడ పట్టుకునేవాళ్ళు, ఇది అప్పుడు పంచాయతీయా మున్సిపాలిటీయా అడగండి. ఆఖరిది ముఖ్యం, ఇంటిపన్ను రసీదు ఏ పేరు మీద వచ్చేదో వాళ్ళకి బాగా గుర్తుంటది, మీ హద్దుల కాగితానికి అది సాక్ష్యం. పేర్లు మాత్రం అడక్కుండా నెట్‌లో పెట్టకండి.

ఇప్పటి జనాభా ఎంత అని అడుగుతారు అందరూ. 2021లో జరగాల్సిన సెన్సస్ కోవిడ్ వల్ల వాయిదా పడింది, వచ్చేదానికి లెక్క తేదీ 2027 మార్చి 1. అందుకని ఈలోపు నెట్‌లో కనపడే 2023 జనాభా, 2025 జనాభా అన్నీ అంచనాలే, వాడితే "అంచనా" అన్న మాట పక్కనే రాయండి, సెన్సస్ అని రాయకండి. కొత్త సెన్సస్‌కి పరిపాలన హద్దులు 2025 డిసెంబర్ 31 నాటికి ఎలా ఉన్నాయో అలా ఆపేయమన్నారు. కాబట్టి మీ ఊరి డివిజన్ల మ్యాపు ఆ తేదీకి ఉన్నది ఇప్పుడే సంపాదించి పెట్టుకోండి, కొత్త అంకెలు వచ్చినప్పుడు అదే తాళంచెవి. విజయవాడ వాళ్ళకైతే గ్రేటర్ విజయవాడ మాట ఎప్పటినించో నడుస్తూనే ఉంది, రేపు చుట్టుపక్కల ఊళ్ళు కలిస్తే జనాభా పెరుగుతుంది, విస్తీర్ణం ఇంకా ఎక్కువ పెరిగి సాంద్రత తగ్గినట్టు కనపడొచ్చు, వన్ టౌన్ సందులో మాత్రం ఒక్క మనిషీ తగ్గరు.

అంతా అయ్యాక రాసే పేరా ఎలా ఉండాలో ఒకటి ఇస్తా, మీ ఊరి అంకెలు పెట్టుకోండి: "2011 జనగణన తుది లెక్క ప్రకారం విజయవాడ నగరపాలక సంస్థ పరిధిలో, అంటే 1985 విలీనం తర్వాతి 61.88 చదరపు కిలోమీటర్లలో, 10,34,358 మంది ఉన్నారు. సాంద్రత చదరపు కిలోమీటరుకు సుమారు 16,700. చుట్టుపక్కల పట్టణ ప్రాంతాలతో కలిపి 14,76,931." ఏడాది, ఏ లెక్క, ఏ హద్దు, ఎంత విస్తీర్ణం, నాలుగూ ఒకే చోట. మీ ఊరికి ఇలా రాసి, ఏ పీడీఎఫ్‌లో ఎన్నో పేజీ నించి తీసుకున్నారో పక్కన రాసి పెట్టుకోండి, ఎవరైనా కాదు అంటే చూపించొచ్చు. పాత జిల్లా పుస్తకాల్లో మీ ఊరు దొరక్కపోతే ఊరి పేరు, పాత తాలూకా పేరు రాసి పెట్టండి, ఎక్కడ వెతకాలో చెప్తా.